తూకం సేరు, కొలత సేరు

ఇప్పుడు వంట నేర్చుకునే పిల్లలు ఫోన్లో ఎవరో ‘ఒక కప్పు’ అనగానే ఆ కప్పును గ్రాముల్లోకి మార్చుకోవాలని కూర్చుంటారు. వాళ్లకు ఒక అంకె దొరుకుతుంది. కప్పంటే 240. ఆ 240ని బియ్యానికీ, రాగిపిండికీ, ఉప్పుకూ, బొరుగులకూ అన్నిటికీ పెట్టేస్తారు. అది నీళ్ల లెక్కమ్మా అంటే వినరు. అదే కప్పులో బియ్యం పోస్తే 200 గ్రాముల దగ్గర తూగుతుంది. రాగిపిండి 130కి అటూ ఇటూ. మెత్తటి ఉప్పయితే 280 దాటుతుంది. బొరుగులు పోస్తే పాతికా ముప్పై గ్రాములకు మించవు. ఇంతింత తేడా ఉన్న వస్తువులకు ఒకే అంకె పెట్టి వండి, ‘సంగటి ఎందుకు గట్టిపడింది జేజీ’ అని నన్ను అడుగుతారు.

మా రోజుల్లో పదేళ్ల ఆడపిల్లకు ఈ సంగతి ఎవరూ కూర్చోబెట్టి చెప్పే పని లేదు. నాది కళ్యాణదుర్గం పక్క పల్లె. మా నాయనకు చిన్న అంగడి ఉండేది. అంగడిలో తక్కెడ, ఇంట్లో సేరు. రెండిటి మధ్యా పెరిగిన పిల్లకు ఏ వస్తువు తూచాలో, ఏ వస్తువు కొలవాలో, తూచిన దాన్ని కొలతలోకి తెస్తే ఎంతవుతుందో చేతికి తెలిసిపోయేది. బెల్లం, చింతపండు, మిరపకాయలు, పత్తి తూకం. జొన్నలు, కొర్రలు, రాగులు, ఉలవలు, బేళ్లు, బొరుగులు కొలత. నూనె, పాలు, మజ్జిగ కూడా కొలతే.

సేర్లు రెండు రకాలని ఈ కాలం వాళ్లకు తెలియదు. తూకం సేరంటే 24 తులాలు. తులం 11 గ్రాముల 66 పాళ్లు, కాబట్టి ఆ సేరు ఇప్పటి లెక్కలో 280 గ్రాములు. మూడు తులాలు ఒక పలం, ఎనిమిది పలాలు ఒక సేరు, అయిదు సేర్లు ఒక వీశె, ఎనిమిది వీశెలు ఒక మణుగు. అంటే వీశె కిలో 400 గ్రాములు, మణుగు 11 కిలోల మీద కొంచెం. కొలత సేరు దీనికి సంబంధం లేని వస్తువు. అది పాత్ర. నిండుగా బియ్యం పోస్తే కిలోకు దగ్గరగా తూగేది. దాని కింద అరసేరు, పావుసేరు, గిద్దె. పైన తూము, పుట్టి. అయిదు తూములు ఏదుము, పది పందుము, ఇరవై పుట్టి. ‘సేరు బెల్లం, సేరు బేళ్లు పట్టుకురా’ అని చెప్పి పంపితే, మొదటి సేరు తక్కెడలోదనీ రెండోది పాత్రలోదనీ పిల్లకు ఎవరూ విడమరచేవాళ్లు కాదు. బెల్లానికి పాత్ర పట్టేవాడు ఎక్కడా ఉండడు కదా.

ఆ కొలత సేరును కట్టిన పద్ధతి మా జేజినాయన చెప్పేవాడు. ఒక్క ధాన్యంతో సేరు కడితే అది ఆ ధాన్యానికే న్యాయం చేస్తుంది. వడ్లతో కడితే సజ్జలకు సరిపోదు. అందుకని నవధాన్యాలు సమంగా కలిపి, ఆ కలగలుపు 84 తులాలు తూచి, అది పట్టేంత పాత్ర చేయించి దాన్ని సేరన్నారట. మా సీమలోనూ అవతల మైసూరు వైపూ పెద్దవాళ్లంతా ఇదే చెప్పేవాళ్లు. దీన్ని కనిపెట్టిన వాళ్లకు అసలు చిక్కు తెలుసు. ఒకే పాత్రలో ఒక్కో గింజ ఒక్కో బరువు తూగుతుందని తెలుసు. తెలిసే, మధ్యస్థంగా ఒక కొలతను నిలబెట్టారు. ఈనాటి 240 అంకె వెనుక అంత ఆలోచన కూడా లేదు. దోసిట్లో పడిన మొదటి అంకె అది.

ధాన్యం దంచే ఇంట్లో ఇంకో లెక్క ఉండేది. వడ్లు దంచితే తూకంలో మూడింట రెండు వంతులు బియ్యం దిగుతాయి, కొలతలో సగమే దిగుతాయి. పొట్టు బరువు తక్కువ, చోటు ఎక్కువ. తూముకు అరతూము బియ్యం అని మా అమ్మ చెప్పేది, వీశెలెక్కన అయితే మూడుకు రెండు అని నాయన చెప్పేవాడు. ఇద్దరి మాటా ఒకటే, ఇద్దరూ సరిగానే చెప్పారు. ఈ రెండు లెక్కల మధ్య తికమక పడకుండా తిరగగలిగితే కొలతా తూకమూ వచ్చినట్టే. ఇప్పుడు బడిలో పదో తరగతి చదివిన పిల్లను ఈ ప్రశ్న అడిగి చూడండి.

కిలో వచ్చినప్పుడు నేను చిన్నపిల్లని. 1956లో చట్టం చేశారు, 1957 ఏప్రిల్లో నయాపైసలు వచ్చాయి, 1958 అక్టోబరు నుంచి కొన్ని చోట్ల కొత్త రాళ్లు మొదలుపెట్టారు, 1962 ఏప్రిల్ 1 నాటికి దేశమంతా కిలో, గ్రాములే చెల్లాలన్నారు. మా అంగడిలో గుండ్రటి వీశె గుండు పోయి ఆరు మూలల ఇనప రాళ్లు వచ్చాయి. రాయి అడుగున గుంతలో సీసం, ఆ సీసం మీద సర్కారు ముద్ర. ఆ ముద్రను గడువుకోసారి మళ్లీ వేయించుకోవాలి. మా నాయన ఆ రాళ్లను వరసగా పేర్చి, పాత వీశె పక్కన పెట్టి తూచి, ఏది దేనికి సమమో గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడు. వీశె చింతపండు అడిగితే కిలో 400 అని అప్పటికప్పుడు తూచేవాడు. ఊళ్లో ముసలివాళ్లు చాలా ఏళ్లు వీశెల్లోనే అడిగారు, ఆయన గ్రాముల్లోనే ఇచ్చాడు, ఎవరికీ మోసం జరగలేదు.

కిలో రావడం మంచిదే. అది మాత్రం ఖచ్చితంగా చెబుతాను. కొలతతో అమ్మకం సాగిన రోజుల్లో పేదవాడికి జరిగిన అన్యాయం నేను చూశాను. నాగుకు గింజలిచ్చే ఆసామి ఇచ్చేటప్పుడు సేరును బద్దతో తలకొట్టి ఇచ్చేవాడు. సుగ్గిలో తిరిగి తీసుకునేటప్పుడు గోపురంగా పోయించుకునేవాడు. నోరు వెడల్పైన పాత్రకు గోపురం పెద్దది వస్తుంది, నోరు ఇరుకైతే చిన్నది. పట్టేది రెండిటిలో ఒకటే అయినా, గోపురంతో కొలిస్తే వెడల్పు నోటి పాత్రలో ఎక్కువ పోతుంది. కొందరి ఇళ్లలో ఇచ్చే సేరు ఒకటి, తీసుకునే సేరు ఒకటి. పైన వడ్డీ వేరే. కళ్లంలో కొలిచేవాడు ‘లాభం’ అని మొదలుపెట్టి, రెండు, మూడు అని పాడుతూ పోతుంటే పక్కన నిలబడిన రైతుకు ఆ గోపురం మీదే కన్ను. సేరు అంచున వేళ్లు ఎట్లా పెట్టాడు, గింజ జారిపోతోందా నిలుస్తోందా. తూకం వచ్చి ఆ బాధ చాలావరకు తీసేసింది.

నా కోపమంతా ఇంకోచోట. కిలో అంగడిని బాగుచేసింది. వంటింటికి మాత్రం ఏ కొలతా ఇవ్వలేదు. సేరును పక్కన పెట్టమన్నారు, దాని స్థానంలో ఇది పెట్టుకోండి అని ఎవరూ ఏ పాత్రనూ చేతికివ్వలేదు. లీటరు ఇచ్చారు, అది పాలవాడి దగ్గరా నూనె బంకు దగ్గరా ఆగిపోయింది. దాంతో ఒక్కో ఇల్లు ఒక్కో గ్లాసు పట్టుకుంది. ఒకరింట్లో టీ గ్లాసు, ఒకరింట్లో నీళ్లు తాగే స్టీలు గ్లాసు, ఒకరింట్లో పెండ్లిలో వచ్చిన చిన్న గిన్నె, ఒకరింట్లో పిల్లల పాలపొడి డబ్బా. ‘గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు’ అనేంతవరకు ఏ గ్లాసైనా ఒకటే, రెండూ అదే గ్లాసుతో కొలుస్తారు కాబట్టి. ‘గ్లాసు బియ్యానికి ఎంత ఉప్పు, ఎంత మంది తింటారు’ అన్న చోట తేడా వస్తుంది. మా కోడలింటి గ్లాసు, వాళ్లక్క ఇంటి గ్లాసు ఒకటి కాదు. ఒకరి చేతి వంట ఇంకొకరికి చెప్పడానికి మాట లేకుండా పోయింది.

ఆ ఖాళీలోకి వేరే దేశాల కప్పులు వచ్చి కూర్చున్నాయి. అమెరికా కప్పు 240 మిల్లీలీటర్ల దగ్గర. ఆస్ట్రేలియా కప్పు 250, అక్కడి పెద్ద చెంచా 20 మిల్లీలీటర్లు, మిగతా చోట్ల 15. కరెంటు కుక్కరుతో పాటు పెట్టెలో వచ్చే ప్లాస్టిక్ కప్పు జపాన్ వాళ్లది, 180 మిల్లీలీటర్లు. మా మనవరాలు డల్లాస్‌లో ఉంది. అంగట్లో కొన్న పెద్ద కప్పుతో నాలుగు కప్పుల బియ్యం పోసింది, కుక్కరు గిన్నెలో నాలుగో గీత దాకా నీళ్లు పోసింది. గీతలు 180 లెక్కన గీసినవి. ఆమె పోసిన బియ్యం 960 మిల్లీలీటర్లు, గీత చూసే బియ్యం 720. నీళ్లు చాలక అన్నం పలుకు పలుకుగా మిగిలింది. ‘అన్నీ సరిగానే చేశాను జేజీ’ అంటుంది. నిజమే, ఆ పిల్ల తప్పేం లేదు. రెండు కప్పులు వేరని ఆమెకు చెప్పాల్సిన వాళ్లు చెప్పలేదు.

అమెరికాలో కూడా ఈ కప్పు పద్ధతి ఆకాశం నుంచి పడలేదు. బోస్టన్‌లో వంటల బడి నడిపిన ఫ్యానీ ఫార్మర్ అనే ఆమె 1896లో వంటల పుస్తకం వేసి, కప్పూ చెంచా తలకొట్టి కొలవాలని గట్టిగా చెప్పింది. కత్తితో పైన గీసి మిగిలింది తీసేయమంది. మా వైపు బద్దతో చేసిన పని అదే. ఆ దేశపు ఇళ్లలో తక్కెడ లేని లోటు కప్పు తీర్చింది, కానీ తలకొట్టడం అనే నియమంతో పాటు తీర్చింది. మన పిల్లలు కప్పు తెచ్చుకున్నారు, నియమం తెచ్చుకోలేదు. పిండిలో ముంచి తీసిన కప్పు గోపురంగానే ఉంటుంది, అడుగున అదిమినట్టూ ఉంటుంది.

ఇక సంగటి సంగతి చెప్పాలి, అనంతపురం మనిషిని కాబట్టి.

సంగటికి అరసేరు నూకలకు సేరు పిండి, ఎసరు మూడు సేర్లు. అంతా కొలతే. నూకలు ఎసట్లో ఉడికాక పిండిని కుప్పగా పోసి, మధ్యలో కట్టెతో గుంత చేసి, మూతపెట్టి ఆవిరి పట్టనిచ్చి, తర్వాత ఎసరు కొంచెం పక్కకు తీసి కెలికి, మళ్లీ కావలసినంత కలుపుకుంటూ రావాలి. ఈ లెక్కను ఎవరో ‘ఒకటికి రెండు’ అని రాశారు. పిల్లలు దాన్ని తూకంలోకి తీసుకున్నారు. 200 గ్రాముల నూకలకు 400 గ్రాముల పిండి. 200 గ్రాముల నూకలంటే ఒక కప్పు. 400 గ్రాముల పిండంటే మూడు కప్పులు. ఒకటికి రెండు అన్నది ఒకటికి మూడు అయిపోయింది, నీళ్లు మాత్రం పాత లెక్కే. గట్టిపడకుండా ఎట్లా ఉంటుంది?

ఇంకోటి. పిండి బరువు ఒక్కరోజులో కూడా మారిపోతుంది, అంటే ఒక సేరు పిండి బరువు. మిషన్ నుంచి వేడివేడిగా తెచ్చిన పిండి పొంగి ఉంటుంది. సేరులో తక్కువ పడుతుంది. రెండు రోజులు డబ్బాలో ఉండి అణిగితే అదే సేరులో ఎక్కువ పడుతుంది. జల్లెడ పట్టినదానికీ పట్టనిదానికీ తేడా. నేను పిండి తీసే ముందు డబ్బాలో చెయ్యి పెట్టి ఒకసారి కుళ్లగిస్తాను, ఆ తర్వాతే కొలుస్తాను, తలకొడతాను. మా అమ్మ కూడా అట్లాగే చేసేది. పిండిని మాత్రం నిజంగా తూచుకోవడమే మేలు, అది నేను ఒప్పుకుంటాను. అయితే తూచేవాళ్లు ముందు తమ ఇంటి కప్పు పిండి ఎంత తూగుతుందో తూచి చూసుకోవాలి. ఎక్కడో గోధుమపిండికి రాసిన అంకెను రాగిపిండికి పెట్టుకోకూడదు. 2023 నుంచి బడుల్లో పిల్లలకు రాగి జావ పెడుతున్నారు, మంచిదే. ఆ జావ పల్చగా ఉన్నా ఉండలు కట్టినా తప్పు రాగిది కాదు, కొలతది.

ఓళిగలకు మాత్రం ఈ గొడవ లేదు. శనగబేళ్లకు బెల్లం సమానం. దంచిన బెల్లం కప్పు బరువూ, బేళ్ల కప్పు బరువూ దాదాపు ఒకటే కాబట్టి తూచినా కొలిచినా ఓళిగ చెడదు. ఏ వస్తువుల మధ్య మార్పు నిర్భయంగా చేసుకోవచ్చో, ఏ వస్తువుల మధ్య చేసుకోకూడదో తెలియడం కూడా ఒక విద్య. హిందూపురం మార్కెట్లో చింతపండు, బెల్లం తూకానికి అమ్మడం చూస్తూ పెరిగిన వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. చింతపండును కప్పుల్లో రాసే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గింజతో కలిపినదా, గింజ తీసినదా, పాతదా కొత్తదా, అదిమి పెట్టినదా విడదీసినదా? చింతపండుకు తూకమన్నా చెప్పాలి, నిమ్మకాయంత అన్నా చెప్పాలి.

ఉప్పు ఇంకా పెద్ద గొడవ. మేము వాడింది కల్లుప్పు. గిద్దెడు కల్లుప్పులో గింజల మధ్య ఖాళీ ఉంటుంది. అదే గిద్దెతో ఇప్పటి మెత్తటి ఉప్పు కొలిస్తే తూకం బాగా ఎక్కువవుతుంది. మా అమ్మ లెక్క పెట్టిన తొక్కును ఇప్పటి ప్యాకెట్ ఉప్పుతో అదే కొలతలో పెడితే నోట పెట్టలేరు. తొక్కులకు ఉప్పు తూచి వేయాలి. దాంట్లో నాకు రెండో మాట లేదు.

మా జిల్లాలో కొలతకూ తూకానికీ మధ్య ఉన్న దూరం బాగా కనిపించేది చెనక్కాయలో. మేము బుడ్డలంటాం. బుడ్డలు సేరు, వలిచిన విత్తనాలు సేరు, రెండూ సేరే, బరువులో సగానికి సగం తేడా. జూన్‌లో విత్తే ముందు ఇంటింటా ఆడవాళ్లు విత్తనం బుడ్డలు వలిచేవాళ్లు. గోరుతో ఒత్తి, పొట్టు ఊడకుండా, గింజ పగలకుండా. కూలి వలిచిన విత్తనాల సేర్ల లెక్కన. మంచి ఏడు బుడ్డల బరువులో వందకు 70 పాళ్లు గింజ దిగుతుంది. వాన మొహం చాటేసిన ఏడు బుడ్డ చూడటానికి బుడ్డే, లోపల గింజ ముడుచుకుపోయి ఉంటుంది. అదే సేరు నిండుతుంది, తక్కెడలో పైకి లేస్తుంది. మూట సైజు చూసి బేరం ఆడే వ్యాపారి ఎవడూ లేడు. దోసెడు బుడ్డలు తీసి, తూచి, వలిచి, గింజను మళ్లీ తూచి ధర చెబుతాడు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని నేలలో రైతు కష్టానికి వచ్చిన ధర ఆ రెండు తూకాల మధ్య తేలుతుంది. అటువంటి ఊళ్లో పుట్టిన పిల్లలు సేరు వేరు, బరువు వేరు అన్న ముక్క తెలియకుండా పెరుగుతున్నారంటే నాకు బాధ కాక ఏమవుతుంది?

ఆ విత్తనాలే గానుగకు పోతాయి. కిలో విత్తనాలకు 400 గ్రాముల పైచిలుకు నూనె, మిగతాది చెక్క. ఇక్కడ ఇంకో తిరకాసు. నూనె నీళ్లకన్నా తేలిక. లీటరు నూనె 910 గ్రాములే. కాబట్టి 15 లీటర్ల డబ్బా, 15 కిలోల డబ్బా ఒకటి కాదు. 15 లీటర్లది 13 కిలోల 650 గ్రాములు. 15 కిలోలదాంట్లో 16 లీటర్ల మీద దాదాపు అరలీటరు ఉంటుంది. పెండ్లికి నూనె తెచ్చేవాళ్లు డబ్బా మీద ఏం రాసుందో చదవకుండా ధరలు పోల్చి, తక్కువకు వచ్చిందని సంతోషపడుతుంటారు. నూనె వేడికి వ్యాకోచిస్తుంది కూడా. మా ఎండల్లో ఆ మాట ఊరికే చెప్పేది కాదు. కొన్ని కంపెనీలు ప్యాకెట్ మీద ఎక్కువ వేడి దగ్గర లీటరని రాసుకుని, లోపల తక్కువ బరువు పోసేవి. అందుకే 2022లో కేంద్రం ఆ వేడి సంగతి తీసేయమని, లీటర్లతో పాటు బరువు కూడా రాయమని చెప్పి, 2023 జనవరి దాకా గడువిచ్చింది. నూనె ప్యాకెట్ తీసుకునేటప్పుడు నేను లీటరు చూడను, గ్రాములు చూస్తాను. కూరలో పోసేటప్పుడు మాత్రం గరిటెతోనే పోస్తాను. కొనేది తూకం, వండేది కొలత. ఇంత చిన్న సంగతి.

బొరుగులు ఈ రోజుకీ మా వైపు సేరుతో కొలిచి అమ్మే బండ్లు ఉన్నాయి. ఉగ్గాణికి ఇంటిల్లిపాదికీ ఎన్ని సేర్లు నానబెట్టాలో మా వాళ్లకు తెలుసు. వాటిని కిలోల్లో అడిగితే ఎంత సంచి పట్టుకురావాలో ఎవరికీ తెలియదు. చట్టం పట్టించుకోకపోయినా ఆ సేరు నిలిచింది, కొనేవాళ్లకు అది పనికొచ్చింది కాబట్టి.

కొలత, తూకం అంటే వంటింటి ముచ్చట అనుకునేవాళ్లకు ఒక మాట చెప్పాలి. 1876లో మొదలై 1878 దాకా సాగిన కరువులో మా ప్రాంతం ఇంకా బళ్లారి జిల్లాలో ఉండేది. అనంతపురం వేరే జిల్లా అయింది 1882లో. ఆ కరువు పనుల్లో రాళ్లు కొట్టే మగ మనిషికి రోజుకు పౌను ధాన్యం విలువ, పైన చిల్లర ఇస్తే చాలునని 1877 జనవరిలో బ్రిటిష్ సర్కారు పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. పౌనంటే సుమారు 450 గ్రాములు. కొలత సేరులో సగం కూడా నిండదు. మద్రాసు ఆరోగ్య శాఖ చూసే డాక్టరు కార్నిష్ అది మనిషిని చంపే లెక్క అని, పౌనున్నరకు తగ్గకూడదని, పప్పూ కూరా కూడా ఉండాలని పోట్లాడాడు. కాగితం మీద పౌను అని రాసేవాడికి అది ఒక అంకె. అరసేరుకు తక్కువ నూకలతో పగలంతా రాళ్లు కొట్టేవాడికి ఎంత సంగటి అవుతుందో వండే ఆడమనిషికే తెలుస్తుంది. కొలత తెలిసిన వాళ్లను ఆ లెక్క వేసేటప్పుడు ఎవరూ అడగలేదు.

ఇప్పుడూ అడగడం లేదు. బడి భోజనం చూడండి. చిన్న తరగతుల పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 5 గ్రాముల నూనె. పెద్ద తరగతులకు 150, 30, ఏడున్నర. కాగితం మీద అంతా గ్రాములు. వండే అమ్మ దగ్గర తక్కెడ ఉన్నా వాడే తీరిక ఉండదు. పొద్దున్నే హాజరు చెప్పగానే ఆమె తీసేది డబ్బా. డెబ్బై మందికి ఎన్ని డబ్బాలు అన్నది ఆమె అనుభవం. ఆ డబ్బా కిలో పడుతుందా, తొమ్మిది వందలు పడుతుందా అని ఎవరూ తూచి చూడలేదు. తొమ్మిది వందలైతే డెబ్బై మంది పిల్లల బువ్వలో ఏడుగురి భాగం పోయినట్టే. పాత బియ్యం వస్తే నీళ్లు ఎక్కువ తాగి అన్నం ఎక్కువ కనిపిస్తుంది, కొత్త బియ్యం వస్తే ముద్దయి తక్కువ కనిపిస్తుంది. ఆ తేడాకు కూడా ఆమెనే అంటారు.

నేను మళ్లీ సేర్లు, వీశెలు తెమ్మనడం లేదు. ఇంట్లో వాళ్లకు చెప్పేది ఇంతే. ఒక గ్లాసు ఎంచుకోండి, దాన్ని ఇంటి గ్లాసుగా పెట్టుకోండి, ఇంక మార్చకండి. ఒక రోజు కూర్చుని, తలకొట్టి, బియ్యం, కొర్రబియ్యం, రాగిపిండి, కందిబేళ్లు, బెల్లం, కల్లుప్పు, మెత్తటి ఉప్పు, నూనె ఒక్కొక్కటిగా తూచి, అల్మారా తలుపు లోపల రాసి అంటించుకోండి. మా నాయన బొగ్గుతో గోడ మీద చేసిన పని అదే. దూరదేశంలో ఉన్న పిల్లకు వంట చెప్పేటప్పుడు ముందు ఆ గ్లాసు ఎన్ని మిల్లీలీటర్లో చెప్పండి, తర్వాత వంట చెప్పండి.

సర్కారుకు చెప్పేది వేరే. రాళ్ల మీద ముద్ర వేసే శాఖ ఇప్పటికీ ఉంది. ప్రతి బడి వంటగదికీ ముద్ర వేసిన ఒక డబ్బా ఇవ్వమనండి. పదిమంది చిన్నపిల్లల బియ్యం ఎక్కడి దాకానో ఒక గీత, పెద్దపిల్లలకు ఒక గీత, పప్పుకు వేరే గీత. నూనెకు విడిగా చిన్న గరిటె. 5 గ్రాముల నూనె అంటే చిన్న చెంచాకు కొంచెం ఎక్కువ, పదిమందికి 55 మిల్లీలీటర్లు. తలకొట్టడానికి ఒక బద్ద కూడా గొలుసుతో కట్టి ఇవ్వాలి.